యుద్ధనౌక మోడల్‌కు డెక్ పలకలు: ప్రతి గీతకూ ఒక లెక్క

యుద్ధనౌక మోడల్‌ని ఎవరైనా పైనుంచే చూస్తారు. తెరచాపల కాలపు ఓడైనా, టేకు పరిచిన ఉక్కు బాటిల్‌షిప్ అయినా, కంటికి ఆనే విస్తీర్ణంలో పెద్ద భాగం డెక్‌దే, అంటే ఓడ మీద నడిచే నేలదే. చాలా మోడళ్లు తేలిపోయేదీ అక్కడే. పలకలుగా పరిచే సన్న చెక్క బద్దలు చక్కగా అతికి ఉంటాయి, సందు ఎక్కడా విడదు, పాలిష్ నున్నగా ఉంటుంది. అయినా అది ఓడ డెక్‌లా ఉండదు, గదిలో పరిచిన చెక్క నేలలా ఉంటుంది. దీనికి చేతిపనిని తప్పుపట్టలేం. పలక వెడల్పు, పొడవు, అతుకు పడే చోటు, అంచు దగ్గర పలక ముగిసే తీరు, ఈ నాలుగూ అసలు ఓడలో గట్టి అవసరాలవల్ల ఏర్పడ్డాయి. ఆ అవసరాలు తెలిస్తే మొదటి బద్ద అతికించకముందే డెక్ సగం పూర్తయినట్టే.

అసలు ఓడలో పని ఎలా సాగేది

చెక్క ఓడలో దూలాలు ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా ఉంటాయి. డెక్ పలకలు వాటి మీదుగా ముక్కు నుంచి వెనక్కి సాగుతాయి. ఓడంత పొడవైన పలక దొరకదు కాబట్టి ఒక్కో వరసలో ఎన్నో పలకలు కొసకు కొస చేర్చుకుంటూ వెళ్తారు. పలక కొస రెండు దూలాల నడుమ ఆగిపోతే మేకు దిగడానికి ఆధారం ఉండదు. అందుకే ప్రతి అతుకూ ఏదో ఒక దూలం మీదే పడాలి. దూలాలు పైకి కనపడవు, కానీ అతుకుల వరస వాటి ఆచూకీ చెప్పేస్తుంది.

18వ శతాబ్దపు బ్రిటిష్ యుద్ధనౌకల్లో డెక్ పలకల వెడల్పు స్థూలంగా 8 నుంచి 12 అంగుళాలు, పొడవు 20 నుంచి 30 అడుగులు ఉండేది. పలకల మధ్య సందులో, పాత తాళ్లు విప్పి తీసిన నారను ఉలిలాంటి పనిముట్టుతో కూరి, మీద వేడి తారు పోసేవారు. పైకి పొంగిన తారును చల్లారాక గీకేసేవారు. మోడల్‌లో మనం చూపించే నల్ల గీత ఆ తారే. అది పలక పొడవునా ఉంటుంది, కొసల్లోనూ ఉంటుంది. ఫిరంగులు నిలిచే అంచు వైపు వరసలకు ఓక్, నడిమి వరసలకు తేలికైన ఫర్ జాతి కలప వాడడం ఆ శతాబ్దం చివర్లో తరచూ కనిపించే పద్ధతి. ఫిరంగి వెనక్కి తన్నినప్పుడు చక్రాల బరువు పడేది అంచు వరసల మీదే కాబట్టి ఈ ఏర్పాటు. మోడల్‌లో ఈ తేడాను లీలగా చూపిస్తే బాగుంటుంది, రెండు రంగుల చారలుగా చూపిస్తే పాడవుతుంది.

ఉక్కు ఓడల్లో కథ మారింది. కింద ఉక్కు డెక్ ఉంటుంది, దాని మీద టేకు పలకలను బోల్టులతో బిగించి, బోల్టు తల మీది గుంటను చెక్క బిరడాతో మూస్తారు. ఇక్కడ అతుకు దూలం మీదే పడాలన్న నిర్బంధం సడలింది, కానీ అతుకులను చెదరగొట్టే అలవాటు మాత్రం పోలేదు. అన్ని ఓడలకూ టేకే అనుకోకూడదు. జపాన్ బాటిల్‌షిప్ యమాతోకు వాడింది హినోకి అనే సైప్రస్ జాతి కలప, టేకు కన్నా లేత రంగుది. అమెరికా నౌకాదళం 1941 నుంచి చాలా ఓడల చెక్క డెక్‌లను ‘డెక్ బ్లూ’ అనే ముదురు నీలి రంగుతో కప్పేసింది. అందువల్ల ఏ ఓడ, ఏ సంవత్సరంలో అన్నది తేలాకే కలప కొనాలి.

స్కేలు లెక్క

9 అంగుళాల పలక అంటే 228.6 మి.మీ. దీన్ని 1/48 స్కేలులోకి, అంటే అసలు కొలతలో 48వ వంతుకు దించితే 4.76 మి.మీ., 1/64లో 3.57, 1/96లో 2.38, 1/200లో 1.14, 1/350లో 0.65 మి.మీ. వస్తుంది. కిట్‌లో ఇచ్చిన బద్ద 5 మి.మీ. వెడల్పుండి, ఓడ 1/96 అయితే, మీరు పరుస్తున్నది 19 అంగుళాల పలక అన్నమాట. అంత వెడల్పు పలకలు పరిస్తే ఓడ తన అసలు పరిమాణంలో సగంలా కనిపిస్తుంది. కిట్ బద్దలు పక్కన పెట్టి వేరే బద్దలు తెచ్చుకోవడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

సందు లెక్క ఇంకా కఠినం. అసలు సందు 6 మి.మీ. అనుకుంటే 1/48లో 0.125 మి.మీ., 1/96లో 0.06 మి.మీ. మామూలు ప్రింటర్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. అంటే 1/48లో కాగితం సరిపోతుంది, 1/96లో ఎక్కువవుతుంది, అంతకన్నా చిన్న స్కేలుల్లో పెన్సిల్ గీత కూడా మోటే. సందేహం వస్తే గీత సన్నబడే వైపే మొగ్గాలి. గీత లేని డెక్‌ను కన్ను సహిస్తుంది, బలిసిన నల్ల గీతల డెక్‌ను సహించదు.

కలప ఎంత కావాలో ముందే చూసుకోవచ్చు. 18వ శతాబ్దపు బ్రిటిష్ యుద్ధనౌక హెచ్.ఎం.ఎస్. విక్టరీలో ఫిరంగులు నిలిచే గన్ డెక్ పొడవు 186 అడుగులు, ఓడ వెడల్పు 51 అడుగుల 10 అంగుళాలు. 1/96లో ఆ డెక్ దాదాపు 590 మి.మీ. పొడవు, 160 మి.మీ. వెడల్పు వస్తుంది. ముక్కు దగ్గర, వెనక దగ్గర సన్నబడడాన్ని లెక్కేసి 15 శాతం తీసేస్తే మిగిలేది సుమారు 80,000 చదరపు మి.మీ. 2.4 మి.మీ. బద్దలతో దీనికి 33 మీటర్లు పైచిలుకు పడుతుంది. కోతలో, ఏరివేతలో పోయేదానికి 20 శాతం కలిపి 40 మీటర్లు సిద్ధం చేసుకోవాలి. అన్నీ ఒకే చెక్క నుంచి, ఒకేసారి కోసినవైతే మంచిది. సగంలో అయిపోయి కొత్త చెక్క తెస్తే రంగు కలవదు.

ఇదే ఉదాహరణలో నడిమి గీతకు ఒక్కో పక్క 33 వరసలు పడతాయి. ఒక్కో బద్ద 0.05 మి.మీ. వెడల్పు ఎక్కువైనా 33 వరసలకు 1.65 మి.మీ. పెరుగుతుంది. అంటే పలకలో సగం కన్నా ఎక్కువ. ఎడమ పక్క కుడి పక్కకు అద్దంలో బొమ్మలా ఉండాల్సిన డెక్, అంచుకు చేరేసరికి వంకర పోయేది ఇందుకే. కాగితం వాడితే ప్రమాదం ఇంకా పెద్దది: 0.1 మి.మీ. చొప్పున 33 కాగితాలు 3.3 మి.మీ., ఒక పలక కన్నా ఎక్కువ. కాగితం మందాన్ని పలక వెడల్పులో కలిపే లెక్కించాలి. 2.4 రావాలంటే బద్ద 2.3 ఉండాలి. బద్దలను కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టుతో) కొలిచి, తేడా ఉన్నవి పక్కన పెట్టడం విసుగు పని, కానీ దీన్ని దాటవేయడానికి అడ్డదారి లేదు.

అతుకుల క్రమం

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. పక్కపక్క వరసల్లో అతుకులు ఒకే దూలం మీద పడితే డెక్ అక్కడ బలహీనమవుతుంది. పాత ఓడ నిర్మాణంలో పాటించిన నియమం దాదాపు ఇలా ఉండేది: పక్కపక్క వరసల అతుకుల మధ్య కనీసం 5 అడుగుల ఎడం ఉండాలి, మధ్యలో ఒక వరస ఉంటే 4 అడుగులు చాలు, ఒకే దూలం మీద రెండు అతుకులు పడాలంటే వాటి నడుమ కనీసం 3 వరసలు అతుకు లేకుండా సాగిపోవాలి.

దూలాల మధ్య 6 అడుగులు, పలక పొడవు 24 అడుగులు అనుకుందాం. పలక 4 దూలాల నిడివి. దూలాలకు 1, 2, 3, 4 అని పేర్లు పెట్టి, మొదటి వరస అతుకు 1వ దూలం మీద, రెండోది 2 మీద, మూడోది 3 మీద, నాలుగోది 4 మీద వేస్తే పైన చెప్పిన నియమానికి భంగం రాదు. అయినా డెక్ మీద అతుకులన్నీ ఏటవాలుగా మెట్లు దిగుతున్నట్టు కనిపిస్తాయి. దానికి బదులు 1, 3, 2, 4 క్రమం తీసుకుంటే మెట్లు విరిగిపోతాయి, అయిదో వరసలో మళ్లీ 1కి వస్తాం, ఒకే దూలం మీది అతుకుల నడుమ 3 వరసలు ఉంటాయి.

దూలాల మధ్య 5 అడుగులు, పలక 25 అడుగులు అయితే 1, 3, 5, 2, 4 క్రమం ఇంకా అందంగా ఉంటుంది. ఏ రెండు పక్కపక్క వరసల అతుకుల మధ్యనైనా కనీసం రెండు దూలాల ఎడం, అంటే 10 అడుగులు వస్తుంది. 1/96లో దూలాల ఎడం 15.9 మి.మీ., పలక 79.4 మి.మీ.

క్రమాన్ని ముక్కు నుంచి మొదలుపెట్టకండి. డెక్ నడుమ ఒక దూలాన్ని ఆధారంగా తీసుకుని రెండు వైపులకూ సాగండి. కొసల్లో రెండు దూలాల నిడివి కన్నా చిన్న ముక్క మిగులుతుంటే, దాని ముందు అతుకును ఒక దూలం జరిపి సర్దాలి. ఓడ కట్టినవారూ పొట్టి ముక్కలు మిగలకుండా చూసుకునేవారు. ఎడమ, కుడి పక్కలు ఒకదానికొకటి ప్రతిబింబంగా ఉండాలి.

ఇదంతా ముందుగా కాగితం మీద గీయాలి. డెక్ ఆకారం, హ్యాచ్‌లు (కిందికి దిగే ద్వారాలు), మాస్ట్ (తెరచాప స్తంభం) రంధ్రాలు, దూలాల గీతలు, వరసలు గీసి, అతుకులు గుర్తించి చూస్తే హ్యాచ్ పక్కన 0.5 మి.మీ. పేలిక మిగలబోతోందని అప్పుడే తెలుస్తుంది. పేలిక వస్తుంటే దాని పక్కన రెండు మూడు వరసలను కొద్దిగా సన్నగానో వెడల్పుగానో చేసి ఆ తేడాను పంచేయాలి. బద్దలు అతికించాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

అడుగు షీటు, బద్దల తయారీ

బద్దల కింద సాధారణంగా 0.8 నుంచి 1.5 మి.మీ. ప్లైవుడ్ ఉంటుంది. డెక్ నడుమ ఉబ్బి పక్కలకు వాలే వంపు, నీళ్లు జారిపోవడానికి పెట్టింది, ఈ దశలోనే రావాలి. 160 మి.మీ. వెడల్పులో 3 మి.మీ. ఉబ్బు పెద్దగా అనిపించదు, లేకపోతే మాత్రం డెక్ నడుమ కుంగినట్టుంటుంది. షీటు మీద నడిమి గీత, దూలాల గీతలు గీసి, దూలాల గీతలను షీటు అంచు దాటించి ఓడ పక్కగోడ లోపలి వైపు కూడా గుర్తు పెట్టండి. బద్దలు పరిచేకొద్దీ షీటు మీది గీతలు కింద కప్పబడతాయి, పైన గుర్తు ఉంటే స్కేలు ఆనించి అతుకు చోటు మళ్లీ పట్టుకోవచ్చు.

కలప విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. అసలు డెక్ టేకుదో ఓక్‌దో అయినా మోడల్‌కు టేకు, ఓక్ పనికిరావు. వాటి రంధ్రాలు, నార గీతలు 1/96లో అంగుళాల వెడల్పు పగుళ్లలా కనిపిస్తాయి. హాలీ, మేపుల్, బాక్స్‌వుడ్, పియర్, లైమ్ లాంటి సన్న నార కలపలు తీసుకుని, రంగు కావాలంటే తర్వాత పూతతో తెచ్చుకోవాలి. మోడల్ ఉండబోయే గదిలోనే బద్దలను వారం పదిరోజులు ఉంచితే వాటి తేమ ఆ గదికి సర్దుకుంటుంది. తడి గాలిలో పరిచిన డెక్ పొడి కాలంలో సందులు విడవడానికి కారణం జిగురు కాదు, ఈ సర్దుబాటు జరగకపోవడం.

ఒకే చెక్క నుంచి కోసిన బద్దల్ని కోసిన దిక్కులోనే ఉంచండి. కొన్ని తిరగబడితే వాటి మీద వెలుతురు వేరేగా పడి, ఒకే రంగు బద్దలు రెండు రంగులుగా కనిపిస్తాయి. గీకేటప్పుడు నార లేచేది కూడా ఈ తిరగబడ్డ బద్దల్లోనే. కోయకముందే చెక్క అడుగున బాణం గుర్తు గీస్తే సరిపోతుంది. కొంచెం రంగు తేడా కావాలనే కోరుకునేవాళ్లు దగ్గర దగ్గర ఛాయలున్న బద్దలను కలగలిపి వాడాలి. మరీ వేరుగా కనిపించేవి ఏరేయాలి.

నల్ల గీత

మెత్తటి పెన్సిల్, 2బి నుంచి 4బి వరకు, చిన్న స్కేలులకు అన్నిటికన్నా నమ్మకమైనది. బద్ద మీద కాదు, బద్ద పక్క అంచు మీద రాయాలి. ఒక్క పొడవు అంచుకు, ఒక్క కొసకు రాస్తే చాలు. రెండు వైపులా రాస్తే గీత రెట్టింపవుతుంది. మార్కర్ పెన్ను చూడ్డానికి తేలికే గానీ దాని సిరా నారలోకి పాకుతుంది. పాకనట్టు కనిపించినా మీద వార్నిష్ పడగానే కరిగి చుట్టూ ఊదారంగు మరక తేలుతుంది. నల్ల కాగితం 1/48, 1/64 స్కేలులకు మంచిది. వాడేముందు ఆ కాగితాన్ని తడి జిగురు రాసిన తెల్ల చెక్కకు అంటించి, ఆరాక చూస్తే రంగు దిగుతుందో లేదో తెలిసిపోతుంది.

పెన్సిల్‌తో ఉన్న ఇబ్బంది తర్వాత ఉప్పుకాగితం పెట్టినప్పుడు వస్తుంది. రాలిన నల్లపొడి చెక్క రంధ్రాల్లోకి దిగి డెక్ అంతా బూడిదరంగు తేరుతుంది. అందుకే డెక్‌ను రుద్దడం కన్నా గీకడం మేలు. పదునైన స్టీలు రేకుతోనో బ్లేడుతోనో నార వెంట గీకితే చెక్క సన్నటి తొక్కలుగా లేస్తుంది, పొడి రాదు.

అతికించడం

నడిమి వరసతో మొదలవుతుంది. ఇక్కడ డ్రాయింగ్ చూసి తేల్చుకోవాల్సింది ఒకటుంది: నడిమి గీత మీద పలక మధ్యభాగం పడుతుందా, రెండు పలకల మధ్య సందు పడుతుందా? మొదటిదైతే ఆ పలక రెండు పక్కలకూ ఉమ్మడి. స్టీలు స్కేలు ఆనించి పరిచిన ఈ ఒక్క వరస వంకరైతే మిగతా 32 దాన్నే అనుసరిస్తాయి. తర్వాత ఎడమ ఒక వరస, కుడి ఒక వరస, మార్చి మార్చి. అయిదు వరసలకోసారి నడిమి గీత నుంచి రెండు పక్కలా కొలవండి.

పలకలు కొలిచి కొలిచి కోయక్కర్లేదు. ఒక చెక్క గాడి, చివర 79.4 మి.మీ. దగ్గర అడ్డు, సన్న రంపం. అన్ని ముక్కలూ ఒకే పొడవు వస్తాయి. కొస నిటారుగా లేకపోతే అతుకులో త్రికోణం ఖాళీ కనిపిస్తుంది కాబట్టి నాలుగైదు ముక్కల్ని కలిపి పట్టి మూలమట్టం దిమ్మకు ఆనించి కొస సరిచేయాలి.

జిగురుగా తెల్ల పీవీఏ చాలు. పలచగా, అడుగు షీటు మీదే రాయాలి. ఎక్కువైతే దానిలోని నీటికి బద్ద అడ్డంగా ఉబ్బుతుంది, ఉబ్బినప్పుడు బిగుతుగా అమరిన వరసలు ఆరాక సందు విడుస్తాయి. సూపర్ గ్లూ వద్దు. పలుచని బద్ద నారలోంచి పైకి పాకి గట్టిపడుతుంది, ఆ చోట నూనె గానీ రంగు గానీ పట్టదు. ఆ మచ్చ, పూత వేసేదాకా కనపడదు, వేశాక పోదు. మరీ సన్న బద్దలకు, 0.5 మి.మీ. మందం వాటికి, నీరు లేని కాంటాక్ట్ జిగురు బాగుంటుంది, అయితే ఒకసారి ఆనితే జరపడానికి వీలుండదు.

హ్యాచ్ చుట్టూ లేచే చెక్క గట్టును ముందే పెట్టి, పలకలు దానికి వచ్చి ఆగేలా చేయడం అసలు ఓడ పద్ధతి. పలకలన్నీ పరిచేశాక వాటి మీద గట్టు అతికించడం సులువే, కానీ గట్టు ఎత్తు పలక మందమంత పెరుగుతుంది, కింద నల్ల గీతలు గట్టు కిందికి దూరినట్టు కనిపిస్తాయి.

అంచు పలకలో కొస కలవడం

ముక్కు దగ్గర ఓడ పక్క వంపు తిరుగుతుంది, పలకలు మాత్రం తిన్నగా వస్తాయి. అలా వచ్చిన పలకను వంపు వెంట ఏటవాలుగా కోస్తే కొస సూదిలా సన్నబడుతుంది. సూది కొసలో మేకు దిగదు, దిగితే చీలుతుంది, నార కూరుతుంటే విరిగిపోతుంది. దీనికి విరుగుడుగా అంచు వెంట వంపు తిరిగిన వెడల్పాటి అంచు పలక వేసి, దానిలో చిన్న గాడి కోసి, డెక్ పలక కొసను మొండిగా కత్తిరించి ఆ గాడిలో కూర్చోబెట్టారు.

ఎప్పుడు గాడి కోయాలన్నదానికి వాడుకలో ఉన్న కొలత ఇది: ఏటవాలు కోత పొడవు పలక వెడల్పుకు రెండింతలు దాటితే గాడి కావాలి, దాటకపోతే మామూలు ఏటవాలు కోత చాలు. మొండి కొస వెడల్పు పలక వెడల్పులో సాధారణంగా సగం. 2.4 మి.మీ. పలకకు 1.2 మి.మీ. మొండి కొస. కోత కొలత ఎక్కువ మంది తప్పుతారు, కారణం గాడిని ముందు కోసి తర్వాత పలకను దానికి సరిపెట్టబోవడం. ముందు పలక కొసను కోసి, అంచు పలక మీద పెట్టి, దాని చుట్టూ సూదిమొన కత్తితో గీసి, ఆ గీత లోపల ఉలితో తీయాలి. కాస్త బిగుతుగా ఉంచి, పలక కొసనే చిత్రిక పడుతూ దించాలి.

అయితే ఈ గాడి పద్ధతి అన్ని కాలాలకూ చెల్లదు. బ్రిటిష్ ఓడల్లో ఇది 19వ శతాబ్దంలోనే మామూలైంది. 18వ శతాబ్దపు ఓడల్లో పలకలను ముక్కు వైపు, వెనక వైపు కొద్దిగా సన్నం చేసి, పక్కగోడ పొడవునా ఉండే మందపాటి దిమ్మకు చేర్చేవారు. 1765 నాటి రూపంలో విక్టరీ కట్టి అంచున చక్కటి గాడులు కోస్తే పని ఎంత బాగున్నా అది తప్పే. బాటిల్‌షిప్‌ల విషయం దీనికి పూర్తిగా ఎదురు. ముక్కు దగ్గరే కాక ఫిరంగి గోపురాల పునాదులు, హ్యాచ్‌లు, లంగరు గొలుసు సామగ్రి చుట్టూ కూడా అంచు పలక ఉంటుంది. ఫోటోలు చూసి ఒక్కో చోటు గుర్తించుకోవాలి.

చెక్కచీలలు

పలక దూలాన్ని దాటే ప్రతి చోటా రెండు బిగింపులు, అతుకు దగ్గర ఒక్కో కొసకు రెండు చొప్పున నాలుగు. పైన చెప్పిన 590 మి.మీ. డెక్‌కు ఇవి నాలుగు వేలు దాటతాయి. అంగుళం మందం చీల 1/96లో 0.26 మి.మీ. మాత్రమే. వెదురు పుల్లను రంధ్రాల రేకులోంచి లాగి అంత సన్నం చేయడం సాధ్యమే గానీ, ఈ స్కేలులో సూదితో గుచ్చి డెక్ రంగు కన్నా ఒక్క ఛాయ ముదురు పుట్టీ రుద్దడం మెరుగైన ఫలితం ఇస్తుంది. 1/48లో 0.5 మి.మీ. రంధ్రాలకు వెదురు చీలలు పెట్టొచ్చు. దూరంనుంచి చూస్తే చుక్కలు కనపడకూడదు, దగ్గరికొస్తే కనపడాలి. వాల్‌నట్ చీలలు వేసిన లేత డెక్ పొక్కులు పోసినట్టుంటుంది. చీలల వరస కొంచెం తప్పినా కంటికి తగులుతుంది, కాబట్టి పక్కగోడ మీది దూలం గుర్తులకు స్కేలు ఆనించే గుచ్చండి.

పూత

గీకడం అయ్యాక 320 నంబరు ఉప్పుకాగితం నార వెంట ఒకసారి తేలిగ్గా పెట్టి, దుమ్ము పూర్తిగా పీల్చేయాలి. నీటి వార్నిష్ మొదటి పూతకు నార లేస్తుంది, నూనె పూత రంగును ముదురు చేస్తుంది, లక్క పూత త్వరగా ఆరి పెన్సిల్ గీతలను కదలకుండా పట్టుకుంటుంది. మెరుపు ఎక్కడా ఉండకూడదు. రాతి ముక్కలతో, ఇసుకతో రోజూ తోమిన నౌకాదళపు డెక్ వెలిసి లేతగా ఉండేది. కొత్త టేకు గోధుమ రంగు తీసుకొచ్చి వేస్తే ఫర్నిచర్ గుర్తొస్తుంది. అయిదారు బద్దలు, రెండు అతుకులు, కొన్ని చీలలతో ఒక చిన్న ముక్క తయారుచేసి ఏ పూతనైనా దాని మీద పరీక్షించాకే డెక్ ముట్టుకోవాలి.

1/350, 1/200 ప్లాస్టిక్ కిట్లకు బద్దలు పరిచే పని పెట్టుకోవక్కర్లేదు. లేజర్‌తో గీతలు చెక్కిన పలుచటి చెక్క పొర, వెనక జిగురుతో, చాలా ఓడలకు సిద్ధంగా దొరుకుతుంది. అంటించేముందు పొడిగా పరిచి చూసి, కిట్ డెక్ మీద పొరకు అడ్డొచ్చే పోతపోసిన వివరాలు ఉంటే చెక్కేయాలి. డెక్‌కు రంగు వేసి, బాగా ఆరాక, జిగట పట్టే నున్నటి ఉపరితలం మీద పొర పెట్టాలి, పొడిపొడిగా ఉన్న, మెరుపు లేని మ్యాట్ రంగు మీద అంచులు కొన్నాళ్లకు లేస్తాయి. వెనక కాగితం మొత్తం ఒకేసారి తీయకుండా నడిమి పట్టీ మాత్రం తీసి, గోపురం రంధ్రాలతో సరిచూసి ఆనించి, తర్వాత రెండు వైపులకూ నొక్కుకుంటూ వెళ్లాలి. అంచులకు, సన్న మూలలకు సన్నటి పుల్లతో కాస్త పీవీఏ అద్దితే లేవవు.